కొంచెం మిగల్చిన చూపు

ఆసుపత్రి కాగితంలో నేను రాసిన రెండు మాటలు తప్పని తెలుసుకోవడానికి నాకు ఆరు రోజులు పట్టింది. ఆ సంగతి నా భార్యకు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మాట్లాడటం నాకు తొందరగా వచ్చే పని కాదు.

చింతామణిలో ఉన్న ఆ కంటి ఆసుపత్రికి మేం ముగ్గురం వెళ్ళాం. నేను, నా భార్య కెంపమ్మ, బాగేపల్లి కాలేజీలో లెక్కలు చెప్పే మా కూతురు రంజిత. కాగితం కన్నడంలో ఉంది. కెంపమ్మ పేరు రాశాను. వయసు నలభై మూడు అని రాశాను. 'ఉద్యోగ' అని అచ్చయిన చోట 'మనె కెలస' అని రాశాను. ఇంటి పని అని. బ్యాంకులోనూ రేషన్ కార్డులోనూ ఓటరు చీటీకి ఇచ్చిన అర్జీలోనూ అదే రాస్తూ వచ్చాను. చెయ్యి దానంతట అదే రాసింది.

మాది దిబ్బూరహళ్ళి దగ్గర ఓ చిన్న పల్లె. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల ఇల్లు. ఏడాదికి ఏడెనిమిది పంటలు తీస్తాం. కొమ్మలు కోసి తెచ్చేది నేను. పురుగులకు మేత వేసేది, చూసుకునేది కెంపమ్మ. ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లోకి రోజుకు నాలుగైదుసార్లు పోయి వస్తున్న మనిషికి నేను ఇంటి పని అని రాశాను.

కెంపమ్మకు అద్దాలు వచ్చింది పెళ్ళయిన ఏడాదికి. అంతవరకు లోకం అందరికీ మసగ్గానే కనపడుతుందని ఆమె అనుకునేదట. దారిలో ఎదురుపడిన పెద్దవాళ్ళను పలకరించదని, పొగరని పేరు తెచ్చుకుంది. ఒకసారి పేరేసంద్ర దగ్గర హైవే మీద నిలబడి, చిక్కబళ్ళాపురం పోవలసిన మనిషి బాగేపల్లి బస్సు ఎక్కింది. బోర్డు కనపడలేదని ఆమె చెప్పేదాకా నాకూ తెలియలేదు. మైనస్ ఐదు అన్నారు. కొత్త అద్దాలు పెట్టుకొని అంగడి బయటికి వచ్చి తల పైకెత్తి, "కరెంటు తీగలు మూడుండాయే! ఒగటే అనుకుంటి నేను" అంది. అంగడివాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ అద్దాలతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. పురుగుల ఇంట్లో గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. లోపలికి అడుగు పెట్టగానే అద్దాలకు ఆవిరి పడుతుంది. పడకల మీద చల్లే సున్నప్పొడి ఆ ఆవిరికి అంటుకుంటుంది. కొంగుతో తుడిస్తే గీతలు. ముక్కుకు రెండు పక్కలా నల్లటి మచ్చలు. అయినా వీటి గురించి ఆమె ఎక్కువ చెప్పుకోలేదు. ఒక్క సంగతి మాత్రం మళ్ళీ మళ్ళీ అనేది.

"తెల్లారి లేస్తానే చేత్తో తడుముకోవల్ల. యాడ పెట్టితినో, యాడికి జారెనో. ఒక్క దినమన్నా తడుముకోకుండా లేయల్ల నాకి."

పోయిన ఏడు రంజిత తన కండ్లకు లేజర్ చేయించుకొని, అద్దాలు లేకుండా ఇంటికి వచ్చింది. ఆ రోజు కెంపమ్మ కూతురి మొగాన్ని రెండు చేతులా పట్టుకొని చాలాసేపు చూసింది. అప్పుడే నాకు అర్థమైంది, ఆమె కూడా చేయించుకుంటుందని.

"నొప్పి ఉంటాదా?" అని అడిగింది.

"సూది లేదు, కుట్టు లేదు మా. కంట్లో చుక్కలేస్తారు, మొద్దుబారిపోతాది. రెప్ప మూతపడకుండా చిన్న కొక్కెం పెడతారు. పైన పచ్చగా ఒక దీపం ఉంటాది, దాన్నే చూస్తా ఉండల్ల. నల్లగుడ్డు పైనుండే పొరని మూతలాగా ఎత్తుతారు. లోపల లేజర్ చెక్కుతాది. మళ్ళ మూత మూసేస్తారు. ఒక్కో కంటికి నిమిషం కూడా పట్టదు."

"చెక్కేటప్పుడు తెలస్తాదా?"

"వెంట్రుక కాలినట్ల వాసన వస్తాది. అంతే."

నేను గోడకు ఆనుకొని వింటున్నాను. "చెక్కినది మళ్ళ పెరుగుతాదా?" అని అడిగాను.

"లేదు నాయనా. తీసింది తీసినట్లే."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. గోరు తీస్తే మళ్ళీ వస్తుంది. మల్బరీ కొమ్మ కోస్తే రెండు నెలల్లో మళ్ళీ వస్తుంది. ఇది రాదు.

చింతామణి ఆసుపత్రిలో చూసింది గార్గి అనే డాక్టరమ్మ. ఆ ఊళ్ళోనే పాఠాలు చెప్పి రిటైరైన పట్టాభిరామ మేష్టరు కూతురు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొదట కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి వచ్చింది. కంటి పొర మందం కొలిచింది. చుక్కలు వేసి లోపలంతా చూసింది. పొర చాలినంత మందంగా ఉందని, పవర్ నాలుగేళ్ళుగా మారలేదు కాబట్టి చేయొచ్చని చెప్పింది. మిషను బెంగళూరులో ఉందట. చేసేది కూడా తనేనట.

"ఇంకొక మాట చెప్పల్లమ్మా. మీకి నలభై దాటింది. దూరం చూపు బాగా వస్తాది. దగ్గర్లో చదివేదానికి, రాసేదానికి మాత్రం అద్దాలు కావాల్సొస్తాది."

కెంపమ్మ నవ్వింది. "చదివేది ఏముండాది మేడం నాకి? అయిదో క్లాసుకే నిలిపేసిరి. ఈయప్ప పేపరు చదివి చెప్తే వింటా, అదీ నోరు తెరిస్తే."

రంజిత కూడా నవ్వింది. డాక్టరమ్మ కాగితం వైపు చూసింది. "ఇంట్లోనే ఉంటారా?"

"అవును మేడం, ఇంట్లోనే" అన్నాను. ఆ రోజు ఆసుపత్రిలో నేను మాట్లాడిన మాట అదొక్కటే.

"అయితే సరి. రెండు కండ్లకీ పూర్తిగా దూరానికే పెట్టేస్తాం" అని రాసుకుంది. పదహారు రోజుల తర్వాత రమ్మంది. అప్పటికి మా పంట కూడా చంద్రికలు అనే వెదురు తడకలు ఎక్కి, గూళ్ళు కట్టేసి ఉంటుంది. అంతా సరిపోయింది అనుకున్నాం.

తిరిగి వచ్చేసరికి పురుగులు మూడో జ్వరం దాటి ఆకలి మీద ఉన్నాయి. పురుగు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత తోలు విడిచే పూటను మేము జ్వరం అంటాం. నాలుగు జ్వరాలు అయితే గూడు కట్టడానికి ఇంకో వారం.

కెంపమ్మకు ఆపరేషన్ అని ఊరంతా తెలిసింది. పక్క తోట పిళ్ళప్ప, నాకు తమ్ముడి వరస, పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం వదినా, ఆపరేషన్ అయితే అన్న మొగం సరిగ్గా కనపడతాదంట కదా. చూసినాక పుట్టింటికి పోతావేమో!"

"నీ మొగాన్నే దినమ్మూ ఓర్చుకుంటాండాం గదరా పిళ్ళప్పా. ఆయప్పది ఏం లెక్క?"

"అట్ల కాదులే. అద్దాలు లేకుంటే నువ్వు కోపంగా చూసేది మాకి సూటిగా తగులుతాది. ఇన్నాళ్ళూ గాజు అడ్డం ఉండె."

"కాఫీ తాగి లేయి. నీ పురుగులకి మేతేసినావో లేదో?"

ఇలా నవ్వుతూనే ఉండేది ఆ రోజుల్లో. పాట లాంటిదేదో గొణిగేది. నేను ఆమెను అంత హుషారుగా చూసి చాలా కాలమైంది.

ఆరో రోజు మధ్యాహ్నం. నాలుగో జ్వరం విడిచాక రెండో మేత. నేను కొమ్మల మోపు దించి తలుపు దగ్గర నిలబడ్డాను. కెంపమ్మ లోపలికి వచ్చింది. రాగానే కుడి చేత్తో అద్దాలను నెత్తి మీదికి తోసుకుంది. వంగి, పడక అంచు నుంచి ఒక పురుగును తీసి, అరచేతిలో పెట్టుకొని, మొగానికి జానెడు దూరంలోకి తెచ్చుకుంది. తిప్పి చూసింది. పక్కనున్న సున్నం నీళ్ళ డబ్బాలో వేసింది. ఇంకొకటి తీసింది. చూసి, మళ్ళీ ఆకు మీదే పెట్టింది.

పాలరోగం పట్టిన పురుగు తోలు బిగుసుకొని మెరుస్తుంది. కణుపుల మధ్య ఉబ్బుతుంది. తోలు పగిలిందంటే పాలలాంటి నీరు ఆకు మీద పడుతుంది. ఆ ఆకు తిన్నవి కూడా పోతాయి. పగలకముందే పట్టుకోవాలి. ఆ మెరుపు నా కంటికి ఎప్పుడూ ఆలస్యంగానే కనపడేది. నాలుగేళ్ళుగా అసలు కనపడటం లేదు. దూరాన గుట్ట మీద మేకలు లెక్కపెట్టగలను. అరచేతిలో పురుగు మాత్రం తెల్లటి మరక. మురుగమల్ల దర్గా దగ్గర అంగట్లో దగ్గరి చూపు అద్దాలు కొనుక్కున్నాను. ఈ ఇంట్లోకి తెస్తే వాటికీ ఆవిరే.

కెంపమ్మ ఇంకో పురుగును తీసింది. అద్దాలు నెత్తి మీదే ఉన్నాయి.

అప్పుడు తట్టింది. రెండేళ్ళ కిందటివరకు ఆమె అద్దాలతోనే పురుగును చూసేది. ఈ రెండేళ్ళుగా తోసేస్తోంది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడూ తోసేస్తోంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడూ అంతే. అద్దాలు పెట్టుకుంటే ఆమెకు దూరం బాగుంది, దగ్గర చెడింది. తీసేస్తే దూరం చెడింది, దగ్గర వజ్రంలా ఉంది. లేజర్ చేసేది ఏమిటి? ఆ అద్దాలను కంట్లోనే చెక్కి పెట్టడం. అప్పుడు నెత్తి మీదికి తోయడానికి ఏమీ ఉండదు.

డాక్టరమ్మ చదివేదానికి అంది. మేము చదువు లేదని నవ్వుకున్నాం. ఆమె చెప్పింది చేతిలో ఉన్న దేనినైనా చూడటం గురించి. కెంపమ్మకు నా కండ్లు రాబోతున్నాయి.

మోపు విప్పకుండానే బయటికి వచ్చేశాను.

ఆ పూటే చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకంటే, చెప్తే ఆమె ఏమనుకుంటుందో నాకు తెలుసు. పంట కోసం చెప్తున్నాడు అనుకుంటుంది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పోయిన వేసవిలో నాలుగు పల్లెల్లో పాలరోగానికి పంటలు పోతే మాది నిలిచింది. నిలిపింది ఆ జానెడు దూరపు చూపే. ఇది నేను ఆమె కోసం ఆలోచిస్తున్నానా, నా తోట కోసమా? తోటలో కలుపు తీస్తూ అదే తిప్పి తిప్పి చూసుకున్నాను. రెండూ ఒకదానికొకటి అల్లుకొని ఉన్నాయి. విడదీయలేకపోయాను. ఇన్నేళ్ళలో ఆమె తనకోసమని అడిగింది ఇదొక్కటే.

ఎనిమిదో రోజు రంజిత ఫోన్ చేసింది. కెంపమ్మ మాట్లాడుతూ, "నల్లద్దాలు తెస్తివా? సినిమా దాని మాదిరి ఉండల్ల, ముందే చెప్తాండా" అని నవ్వింది. ఫోన్ పెట్టేసి పురుగుల ఇంట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె పురుగును తీసి మొగం దగ్గరికి తెచ్చుకుంది.

"అద్దాలు దించు" అన్నాను.

"ఏమి?"

"అద్దాలు కండ్లకి పెట్టుకొని చూడు, దాన్ని."

విచిత్రంగా చూసింది. అయినా దించుకుంది. ఆవిరి తుడుచుకుంది. పురుగును దగ్గరికి తెచ్చింది, కొంచెం దూరం పెట్టింది, ఇంకొంచెం దూరం పెట్టింది. మోచెయ్యి చాచింది.

"అగుపడదు. దానికే కదా పైకి తోసేది."

"ఆపరేషన్ అయినాక ఇట్లనే ఉంటాది."

పురుగు ఆమె వేలి మీదికి పాకింది.

"చదివేదానికని చెప్పింది కదా డాక్టరమ్మ, అది ఇదే. నేను కాగితంలో ఇంటి పనని రాస్తి. ఆయమ్మకి తెలీదు." అంత పొడుగు మాట నేను చెప్పి ఎన్నాళ్ళయిందో.

"ఎప్పుడు తెలిసింది నీకి?"

"మొన్న."

"మొన్న తెలిస్తే ఈ పొద్దు చెప్తాండావా?" పురుగును ఆకు మీద పెట్టింది. "పురుగుల కోసరమేనా చెప్పేది? నిజం చెప్పు. నా కండ్లు పోతే నీ పంట పోతాదని."

"అదీ ఉండాది" అన్నాను.

ఆమె అద్దాల్లోంచే నన్ను చూసింది. పిళ్ళప్ప చెప్పిన గాజు అడ్డం ఏమీ పనిచేయలేదు.

"ఇంకేముండాది?"

నేను వంగి కింద రాలిన ఆకులు ఏరుకున్నాను. ఆమె కాసేపు చూసి, మోపు విప్పి మేత వేయడం మొదలుపెట్టింది. ఆ రోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నుంచి ఆమె అద్దాలు నెత్తి మీదికి తోయలేదు. లోపలికి పోయేది. ఆవిరి తుడిచేది. అద్దాలతోనే వంగి చూసేది. చెయ్యి చాచి, దగ్గరికి తెచ్చి, మళ్ళీ చాచి. తనను తాను పరీక్ష పెట్టుకుంటోందని నాకు తెలుసు. సాయంత్రం కింది వరసలో పడక అంచున ఒక పురుగు పగిలి, ఆకు మీద పాలమరక పడి ఉంది. అంత పెద్ద మరక నాకు కూడా కనపడింది. ఆమె ఆ పక్క నుంచే రెండుసార్లు పోయింది. ఆకుతో సహా తీసి సున్నం నీళ్ళలో వేశాను. నిలబడి తిరిగి చూస్తే కెంపమ్మ తలుపు దగ్గర ఉంది. ఎప్పుడు వచ్చిందో.

ఆమె అద్దాలు పైకి తోసుకుంది. ఆ వరసంతా మొదటి నుంచి మళ్ళీ చూసుకుంటూ వచ్చింది. నాలుగు పురుగులు తీసింది. నాలుగూ ఆమె అద్దాలతో చూసి వదిలేసినవే.

"రేపు చింతామణికి పోదాం" అంది.

"ఆపరేషన్ వద్దని చెప్పేదానికా?"

"ఏమి చెప్పల్లనో నేను చెప్పుకుంటా. నువ్వు ఊరికే రా."

పొద్దున్నే బయలుదేరేముందు ఆమె టిఫిన్ డబ్బాలో మల్బరీ ఆకులు పరిచి ఏదో సర్దింది. దారి పొడుగునా ఆ డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంది. అందులో ఇడ్లీలు లేవని నాకు తెలుసు.

డాక్టరమ్మ గదిలో కూర్చోగానే మొదలుపెట్టింది. "మేడం, నేను ఇంట్లో ఊరికే ఉండేదాన్ని కాదు. పట్టుపురుగుల పని చేస్తా. ఇరవై మూడేండ్లాయ. రోగం పురుగుని కంటితో చూసి తీస్తా. ఇంత దగ్గర్లో." జానెడు చూపించింది. "ఆపరేషన్ అయితే అది నాకి కనపడదని ఈయప్ప చెప్తాండాడు. నిజమేనా?"

డాక్టరమ్మ కాగితం తీసి చూసింది. నన్ను చూసింది. నేను గోడ మీది కంటి బొమ్మను చూశాను.

"నిజమే" అంది. "మొన్ననే చెప్పింటే బాగుండె కదమ్మా."

"ఎవురూ నన్ను అడగలేదు మేడం. ఈయప్పని అడిగితిరి."

డాక్టరమ్మ మొగం కొంచెం ఎర్రబడింది. "అదీ నిజమే" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రెండు దారులున్నాయట. ఒకటి, చేయించుకోకపోవడం, అదేమీ తప్పు కాదంది. రెండోది, కుడి కంటిని పూర్తిగా దూరానికి పెట్టి, ఎడమ కంటిలో పవర్ అంతా తీయకుండా కొంచెం మిగల్చడం. మిగిలినది దగ్గరికి పనికొస్తుంది. ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరికి. రెండూ కలిపి చూడటం తలకాయే నేర్చుకుంటుంది. అందరి తలకాయా నేర్చుకోదు. ముందు పరీక్షించి చూడాలి.

బరువైన గుండ్రటి ఇనుప చట్రం ఒకటి తెచ్చి కెంపమ్మ మొగానికి పెట్టింది. దాంట్లో గాజుబిళ్ళలు మార్చుకోవచ్చు. "ఫస్ట్ రెండు కండ్లకీ పూర్తిగా పెడతా" అని బిళ్ళలు వేసి, అక్షరాలున్న చిన్న అట్ట ఒకటి చేతికి ఇవ్వబోయింది.

"అది వద్దు మేడం. నాది నేను తెచ్చుకుంటి" అని కెంపమ్మ డబ్బా మూత తీసింది.

డాక్టరమ్మ కుర్చీని వెనక్కి జరిపింది. ఆకుల మీద ఆరు పట్టుపురుగులు. వేలంత పొడవు, తెల్లగా, తలలు ఎత్తి.

"కరవవులే మేడం. వీట్లో ఒగటి రోగంది. అయిదు మంచివి."

"ఏది?"

"అదే కదా చూడల్ల."

డాక్టరమ్మ ముందుకు వంగింది. అన్నీ ఒకటిగానే ఉన్నాయంది. కెంపమ్మ కండ్లు మూసుకుంటే, నేను పురుగుల్ని అటూ ఇటూ మార్చి పెట్టాను. ఏది ఏదో నాకూ తెలియదు.

పూర్తి బిళ్ళలతో చూసింది. ఒక్కొక్కటీ ఎత్తింది, చెయ్యి చాచింది, దగ్గరికి తెచ్చింది. "అన్నీ మంచివే అంటాండాయి నా కండ్లు" అంది.

డాక్టరమ్మ ఎడమ బిళ్ళ మార్చింది. కెంపమ్మ మళ్ళీ కండ్లు మూసుకుంది, నేను మళ్ళీ మార్చాను. ఈసారి రెండు పురుగుల దగ్గర ఆగింది. ఒకదానిని రెండుసార్లు తిప్పింది. "ఇంకొంచెం మిగల్చండి" అంది, మార్కెట్లో బేరం ఆడినట్లు. ఇంకో బిళ్ళ పడింది. ఈసారి నాలుగోదాన్ని ఎత్తిన వెంటనే, "ఇది" అంది.

"ఇంకా మిగల్చనా? ఇంకా దగ్గర్ది బాగా వస్తాది."

"పెట్టండి చూద్దాం."

ఆ బిళ్ళతో పురుగు కాళ్ళు కూడా కనపడుతున్నాయంది. కానీ లేచి గుమ్మం దాకా నడిచి, మెట్టు ఎక్కడుందో తేల్చుకోలేక తలుపు పట్టుకుంది. కిటికీ లోంచి ఎదురు బేకరీ బోర్డు చదవబోయి తల అటూ ఇటూ ఆడించింది. "వద్దు. ముందుదే పెట్టండి." ముందు బిళ్ళతో బోర్డు చదివింది. ఒక అక్షరం తప్పు చదివి, దిద్దుకుంది. మెట్టు దిగి, ఎక్కి వచ్చింది.

తర్వాత చట్రం తీసేసి, ఏ అద్దాలూ లేకుండా నాలుగో పురుగును జానెడు దూరంలోకి తెచ్చుకుంది. "అదే" అంది. డాక్టరమ్మ కూడా వంగి, కెంపమ్మ వేలు చూపించిన కణుపు మీద ఆ సన్నటి మెరుపును చూసి తల ఊపింది.

"ఇదే కొలత రాస్తా. కానీ ఒక మాట. ఇప్పుడున్న జానెడు చూపు అంత గట్టిగా ఉండదు. దూరం కూడా నూటికి నూరు ఉండదు. రెండిట్లోనూ కొంచెం పోతాది. పదేండ్లకి దగ్గర చూపు ఇంకా తగ్గుతాది, అప్పుడు అద్దాలు తప్పవు."

"పదేండ్లా? అంత దూరం నాకి అద్దాలు పెట్టినా కనపడదు మేడం."

డాక్టరమ్మ నవ్వి, కొత్త కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది. పెన్ను తీసుకొని పేరు రాశాను. వయసు రాశాను. తర్వాతి గడి దగ్గర కెంపమ్మను చూశాను.

"నన్ను చూస్తావేమి? రాయి, రేష్మె కృషి అని. పెద్దగా రాయి."

రాశాను. పట్టుపురుగుల సాగు అని. గడి చాలక అక్షరాలు పక్క గీతలోకి పోయాయి.

బెంగళూరులో ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కెంపమ్మ నల్లద్దాలతో, రంజిత చెయ్యి పట్టుకొని వచ్చింది. "వెంట్రుక కాలిన వాసన కాదే, గూళ్ళు ఉడకబెట్టే వాసన మాదిరి ఉండె" అని కూతురితో వాదన పెట్టుకుంది. నెల రోజులు దుమ్ము, సున్నం దగ్గరికి పోకూడదన్నారు. కండ్లు నలుపుకోకూడదు. ఆ నెల నేను పంట పెట్టలేదు. తోటకు ఎరువు తోలుకున్నాను.

మొదటి వారం కాఫీ లోటా పక్కన పోసింది. మెట్టు లేనిచోట కాలు ఎత్తి పెట్టింది. చీకటి పడితే దీపాల చుట్టూ గుండ్రాలు కనపడుతున్నాయంది. "తప్పు చేస్తిమా?" అని ఒకసారి అడిగింది. నాకు తెలియదు కాబట్టి, "తెలీదు" అన్నాను. ఇంకొకరైతే ధైర్యం చెప్పేవాళ్ళు. మూడో వారానికి కాఫీ లోటాలోనే పడింది.

తర్వాతి పంట పెట్టిన రోజుల్లో, రెండో జ్వరం విడిచాక, ఆమె పురుగుల ఇంట్లోకి వచ్చింది. చెయ్యి నెత్తి వైపు లేచి, అక్కడ ఏమీ లేక దిగిపోయింది. పురుగును ఎత్తి, కుడి కన్ను మూసి చూసింది. మునుపు ఒక్క చూపుకే తేల్చేది. ఇప్పుడు వెలుగు పక్కకు తిప్పి రెండుసార్లు చూస్తోంది. ఎక్కువసేపు పడుతోంది. ఆమె ఒక వరస చూసేలోపు నేను రెండు వరసలకు మేత వేస్తున్నాను. ఆ పంటలో కొన్ని పురుగులు పోయాయి. పంట మాత్రం నిలిచింది.

ఇంకొక సంగతి ఉంది. చెప్పనా వద్దా అనుకున్నాను.

నేను ఆమెకంటే ముందే లేస్తాను. లేచి, తలుపు రెక్క కొంచెం తెరిచి, గడప మీద కూర్చుంటాను. తోటలోకి పోవడానికి ఇంకా వెలుగు చాలదు. ఆ వెలుగు మంచం దాకా మాత్రం వస్తుంది. ఆమె నిద్రపోతుంటే చూస్తూ కూర్చోవడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. ఆమె కదిలి, చేత్తో దిండు పక్కన తడుముకొని, అద్దాలు దొరికి పెట్టుకునేలోపు నేను లేచి చెంబు పట్టుకొని వెళ్ళిపోయేవాడిని. ఆ తడుముకునే సమయం నాకు చాలేది.

ఆ పంట గూళ్ళు దింపిన మర్నాడు పొద్దున అలాగే కూర్చున్నాను. కెంపమ్మ కదల్లేదు. తడుముకోలేదు. ఊరికే కండ్లు తెరిచింది. తెరిచి, నేరుగా నన్నే చూసింది.

నేను లేవబోయాను.

"కూచో" అంది. "దినమ్మూ ఇట్లనే కూచోని చూస్తావా?"

మళ్ళీ గడప మీద కూర్చున్నాను.

"ఎన్నేండ్ల నుంచి?"

"రంజిత పుట్టకముందు నుంచి."

ఆమె పడుకున్న చోటు నుంచే చూస్తూ ఉంది. తర్వాత అంది, "ఆ దినం పురుగుల ఇంట్లో, ఇంకేముండాది అని అడిగితి కదా. ఇది చెప్పల్ల కదప్పా."

చెంబు ఎక్కడ పెట్టానో నాకు ఒక్క క్షణం కనపడలేదు. అది నా కాలి పక్కనే ఉంది.